యూరియా వరసలో ఇటుక ముక్క

కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఆ వానాకాలం సెలవు పెట్టి ఎల్లారెడ్డి వెళ్లింది మాత్రం యూరియా కోసం. ఊళ్లో మా బాపుకు మోకాలు పట్టేసి మంచం దిగలేకపోతున్నాడు. నాటేసి నెల దాటిన వరి పాలిపోతోంది. "ఈ నాలుగు దినాలల్ల ఎయ్యకుంటే ఇగ ఏసినా దండగే. రెండు బస్తాలు పట్కరా" అని ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

పొద్దున ఆరింటికి చేరేసరికి ఎరువుల గోదాం ముందు వరసలో మనుషుల్లేరు, చెప్పులున్నాయి. గంటల కొద్దీ నిలబడలేక మా వైపు రైతులు తమ బదులు చెప్పులు పెట్టి నీడన కూర్చుంటారు. నా చెప్పులు కూడా ఆ వరసలో విడిచి, గోడ వైపు పోతూ కూర్చోవడానికి ఏమైనా దొరుకుతుందా అని చూశాను. వరస మొదట్లో ఒక ఇటుక ముక్క కనిపించింది. ఎవరో పారేసిందనుకుని తీసుకుపోయి దాని మీద కూర్చున్నాను.

కూర్చున్నాక నోరు ఊరుకుంటుందా. నాకు కోపమొస్తే పాఠం చెప్పినట్టే మాట్లాడతాను. ఎరువు లేదు, మా ఊరికి బస్సు రాదు, ధరలు మండిపోతున్నాయి, ఓట్లప్పుడు ఇంటింటికీ తిరిగినవాళ్లు ఇప్పుడు ఫోనెత్తరు. "మన జాగల మనల్ని ఉండనిస్తలేరు" అన్నాను. పక్కనే బీడీ కాలుస్తున్న ఒకాయన "సారు మంచిగ చెప్తుండు" అన్నాడు. నాకు ఇంకా ఊపొచ్చింది.

తొమ్మిదింటికి లారీ వచ్చింది. అందరూ లేచి తమ తమ చెప్పుల్లో కాళ్లు పెట్టారు. ఒక ముసలావిడ మాత్రం వట్టి కాళ్లతో వరస వెంట వంగి వెతుకుతోంది.

"నా ఇటిక ఎటు పాయె బిడ్డా? చెప్పులు లేవని ఇటిక పెట్టి పోయిన."

నేను అప్పుడే దాని మీది నుంచి లేచాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "తప్పైంది అవ్వా, నేనే తీసిన" అన్నాను. బీడీ ఆయన నవ్వాడు. "పొద్దటి సంది సర్కారును తిడ్తివి. కూసున్నదేమో అవ్వ జాగ మీదనా సారూ?"

నా చోటు తీసుకోమన్నాను ఆమెను, నేను అందరి వెనక్కి పోతానని.

"నీ జాగ నాకెందుకు కొడుకా? నా జాగ నాకియ్యి."

మొదట్లో ఎక్కడో అని తప్ప, సరిగ్గా ఎవరి పక్కనో నాకు గుర్తు లేదు. వరసే చెప్పింది. "నా ఎనక ఇటిక ఉండె" అంది ఒకామె. "నా ముంగట" అన్నాడు ఇంకొకాయన. వాళ్లిద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

అంతలో గోదాం అతను బయటికొచ్చి, మనిషికి రెండు బస్తాలని, చివరి వాళ్లకు అందకపోవచ్చని చెప్పాడు. ఒక్కసారిగా అరుపులు. నేను దాదాపు చివర ఉన్నాను. మంచం మీద బాపే కళ్లలో మెదిలాడు.

అవ్వ వంతు వచ్చింది.

"ఒక్కటి సాలు. ఎనక ఇంతమంది ఉన్నరు" అంది.

"కౌలుకు ఎకరన్నర ఏస్తివి గదనే, ఒక్కటెట్ల సాల్తది?" అన్నాడు ఆమె వెనకాయన.

"సాలదు. ఈ గోస నాకొక్కదానికేనా? మల్ల లారీ వస్తే మల్ల వస్త."

అతను కాసేపు బస్తాల వైపు చూసి, తానూ ఒక్కటే తీసుకున్నాడు. ఆ తర్వాతివాళ్లూ అంతే. ఒకతను మాత్రం గొణుక్కుంటూ రెండు వేసుకుని పోయాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. నా వంతు వచ్చేసరికి ఇంకా బస్తాలున్నాయి. వెనక పదిమంది దాకా ఉన్నారు. ఒక్కటే ఇమ్మన్నాను.

సర్కారు మీద కోపం నాకు తగ్గలేదు, తగ్గాల్సిన పని కూడా లేదు. రెండో బస్తా ఎప్పుడిస్తారో అడగడానికి అందరం కలిసే వ్యవసాయాఫీసుకు నడిచాం, అవ్వ ముందు, మేం వెనక. ఆ జనాన్ని చూసి అధికారి బయటికొచ్చి, గురువారం ఇంకో లోడు వస్తుందని చెప్పాడు. నిజంగానే వచ్చింది.

అక్కడి నుంచే బాపుకు ఫోన్ చేశాను. ఒక్కటే దొరికిందనలేదు, వెనక జనం ఉంటే ఒక్కటే తీసుకున్నానని చెప్పాను. తిడతాడని చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను ఫోన్.

"ఆఖరోళ్లకు అందిందా?" అన్నాడు.