పద్మారావు నగర్‌లో అలాంటి మనిషి లేడు

కన్నకూతురి కాలేజీ సీటును తండ్రి చేతులారా చెడగొట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు కచ్చితంగా తెలుసు. పదకొండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు అక్షరదోషాలు చూసుకోవడానికే పోయాయి.

మూడేళ్ల కిందటి మాట. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. పద్మారావు నగర్‌లో ఒక మూడో అంతస్తులో నేను, మా అమ్మాయి కీర్తన ఉండేవాళ్లం. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. పుస్తకం తిరిగి తెచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి పేజీలు లెక్కపెట్టే రకం.

కీర్తన ఒకే ఒక యూనివర్సిటీ మీద మనసు పెట్టుకుంది. అక్కడే చరిత్ర చదవాలట. వాళ్లకు మార్కులు చాలవు, ఒక వ్యాసం కూడా పంపాలి. 'మీకు బాగా తెలిసిన ఒక మనిషి గురించి రాయండి' అన్నారు. దానికోసం పిల్ల బేగంపేటలో ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్లేది. మార్కులకైతే ఒక లెక్క ఉంది, వ్యాసానికి ఏం లెక్క అని నాకు మొదటి నుంచీ అనుమానమే.

వ్యాసం పంపేసిన మర్నాడు ప్రింటర్ మీద దాని మొదటి పేజీ కనిపించింది. నిలబడే చదివాను. ఇంగ్లీషులో, మా పద్మారావు నగర్‌లోనే ఉండే ఎవరో ఒక మనిషి గురించి. పేరు లేదు, 'ఆయన' అంతే. ఆయన పాల ప్యాకెట్‌ను వంటింటి త్రాసులో తూస్తాడు. ఆటో ఎక్కితే ఒక కన్ను మీటరు మీద, ఒక కన్ను ఫోన్‌లో మ్యాపు మీద. డాక్టరు మందు రాస్తే, ఆ డాక్టరుకు మందులు తెలుసో లేదో ఇంకో డాక్టర్ని అడుగుతాడు. పాపం, ఆ ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో అని నవ్వుకున్నాను.

మీరు నవ్వకండి. మీకు అప్పుడే తెలిసిపోయింది, నాకు తెలియలేదు.

నవ్వు ఆగాక అనుమానం మొదలైంది. వ్యాసం మరీ బాగుంది. ఒక్క ఉపమానం లేదు. అంతకుముందు స్కూలు పత్రికకు కీర్తన రాసినదాంట్లో మూడు పేరాల్లో సూర్యుడు మూడుసార్లు ఉదయించాడు. ఆ పిల్ల ఇంత శుభ్రంగా రాస్తుందా?

"ఇది ఎవరు రాసిచ్చారమ్మా?"

"నేనే రాశా నాన్నా."

"ఈ మనిషి ఎవరు?"

కీర్తన నన్ను తేరిపార చూసింది. "తెలీలేదా?"

"తెలిస్తే అడుగుతానా?"

"అయితే వదిలెయ్ నాన్నా, ప్లీజ్."

వదిలెయ్ అన్న దాన్ని నేను ఈ జన్మలో వదిలింది లేదు. మర్నాడే బేగంపేట వెళ్లాను. కౌన్సెలర్ పేరు నసీర్. ముప్పై దాటి ఉండవు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మేం రాసియ్యం సార్. పిల్లలే రాస్తరు. జెర కామాలు గిట్ల సరిచేస్తం, అంతే."

"మరి ఈ మనిషిని ఎక్కణ్ణుంచి తెచ్చారు? ఇంకెంతమంది పిల్లలకు ఇచ్చారు?"

ఆ సమయంలో నేను టీ కప్పును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాను. నసీర్ కప్పును చూశాడు, నన్ను చూశాడు.

"సార్, మీరు నిజంగనే అడుగుతున్నరా?"

"నవ్వుతారేం?"

"నవ్వుతలేను సార్. మీ బిడ్డెనే అడుగుండ్రి. ఊకే పరేషాన్ కాకుండ్రి. చాయ్ చల్లారుతది, తాగుండ్రి."

తాగలేదు. అంత మర్యాద చేసేవాడు ఏదో దాస్తూ ఉండాలి. ఇంటికొచ్చి యూనివర్సిటీకి ఈమెయిల్ రాశాను: 'మా అమ్మాయి పంపిన వ్యాసం ఆమె రాసింది కాదని తండ్రిగా నా అనుమానం. ఇరవై ఏళ్లుగా పద్మారావు నగర్‌లో ఉంటున్నాను. అలాంటి మనిషి ఇక్కడ లేడు. ఉంటే ఇంట్లోవాళ్లు ఈపాటికి తరిమేసి ఉండేవాళ్లు.'

రెండు రోజులకు జవాబు వచ్చింది, కీర్తనకు. వచ్చే సోమవారం వీడియోలో ఇంటర్వ్యూ, తండ్రిగారు కూడా ఉండాలి. కింద నా ఉత్తరం అతికించి ఉంది.

"ఏం చేశావ్ నాన్నా?"

"నా అనుమానం చెప్పాను."

"నేను ఇంకెక్కడా అప్లై కూడా చెయ్యలేదు. తెలుసా నీకు?"

ఆ తర్వాత సోమవారం దాకా మాటల్లేవు. అన్నం వడ్డించి గదిలోకి వెళ్లిపోయేది. ఆ అన్నాన్ని మాత్రం వాసన చూడకుండా తిన్నాను. ధైర్యం చాలలేదు.

ఇంటర్వ్యూలో తెరమీద ఒక ప్రొఫెసరమ్మ. తెలుగావిడే.

"మీ ఉత్తరం చదివామండి. వ్యాసం రెండో పేజీ చూశారా?"

"లేదండీ. మొదటి పేజీతోనే తెలిసిపోయింది."

"కీర్తనా, రెండో పేజీ తెలుగులో చెప్పమ్మా."

కీర్తన నావైపు చూడకుండా చెప్పింది: "ప్రతి ఆదివారం ఆయన మోండా మార్కెట్‌కు వెళ్లి, తూకం రెండుసార్లు వేయించి, అరకిలో కాకరకాయలు తెస్తాడు. మా ఇంట్లో కాకరకాయ అమ్మ ఒక్కతే తినేది. ఇప్పుడు అమ్మ లేదు. శనివారానికి అవి పండిపోతాయి. ఫ్రిజ్ బాగా లేదని ఆయన అనుమానం. మెకానిక్‌ను రెండుసార్లు పిలిపించాడు. నేనేమీ చెప్పను. ఆయన మా నాన్న. ఇది నేను రాశానంటే నమ్మడు."

మెకానిక్ మూడుసార్లు వచ్చాడు. ఆ మాట నేను అనలేదు.

"చెప్పండి," అన్నారు ప్రొఫెసర్. "అలాంటి మనిషి లేడంటారా?"

"ఉన్నాడండీ. వ్యాసం అమ్మాయిదే."

"మాకూ అలాగే అనిపించింది. పిల్లలు రాసింది నిజమో కాదో తేల్చుకోలేక చస్తుంటాం. వ్యాసంలో ఉన్న మనిషే స్వయంగా రుజువు రాసి పంపడం మాత్రం ఇదే మొదటిసారి."

కీర్తనకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

సీటు వచ్చింది. ఆ రోజే మా ఆవిడ ఫొటో ముందు నిలబడి, కీర్తన సాక్షిగా ప్రమాణం చేశాను: నా కూతురు రాసిన ఒక్క అక్షరాన్ని కూడా ఈ జన్మలో అనుమానించను. ఈ రోజుకీ ఆ మాట తప్పలేదు. సీటు ఇచ్చామంటూ వచ్చిన ఉత్తరం అసలుదేనా అని యూనివర్సిటీకి మూడుసార్లు ఫోన్ చేసిన మాట నిజమే. కానీ అది వాళ్లు రాసింది కదా.