రెండు ముఠాల కమాను

యుద్ధం ఇంకా నడుస్తున్న రోజుల్లో గురజాల దగ్గర వాగు మీద రోడ్డు వంతెన కట్టారు. రాతి కమాను, రాళ్ళ మధ్య గానుగలో నూరిన సున్నం. పనులు ఎందుకు ఆలస్యమవుతున్నాయో, కూలీల ముఠాలను ఎలా నడిపితే వేగం పెరుగుతుందో పరిశీలించి పైవాళ్ళకు నివేదిక పంపే బాధ్యత అక్కడి ఇంజనీరుగారిది. నేను ఆయన గుమాస్తాను. పగలంతా ఎవరు ఏం చేశారో గమనించి రాయాలి. డైరీ రాసే అలవాటు నాకు అక్కడే పట్టుకుంది.

అంతవరకు ఒక కమానుకు ఒకే మేస్త్రి ఉండేవాడు. ఇంజనీరుగారు అది మార్చారు. కుడి గట్టు నుంచి ఒక మేస్త్రి ముఠా, ఎడమ గట్టు నుంచి ఇంకో మేస్త్రి ముఠా. ముందు మధ్యకు చేరిన వాళ్ళకు బహుమానం. కమాను నిజంగానే త్వరగా లేచింది.

"ఏంది మామా, మీవోళ్ళు రాళ్ళు పేరుస్తన్నారా, పేలు చూసుకుంటన్నారా?" అని కుడి గట్టు మేస్త్రి అరిచేవాడు.

"ముందు నీ సున్నం ఆరనియ్యరా అల్లుడా!" అని ఎడమ గట్టు మేస్త్రి తిప్పికొట్టేవాడు.

అందరూ నవ్వేవాళ్ళు. కానీ రెండు వైపులా ఎవరూ సున్నం ఆరనివ్వడం లేదు. పచ్చి వరస మీదే పై వరస ఎక్కుతోంది.

సున్నం గట్టిపడేదాకా కమానును కింద ఒక కొయ్యకట్టు మోస్తుంది. చివర్లో వడ్రంగి లోపలికి వెళ్ళి, దాని కాళ్ళ కింద బిగించిన చెక్కలను కొట్టి వదులు చేయాలి. అప్పుడు కమాను కట్టిన మేస్త్రి అతని పక్కనే నిలబడాలి. కమాను నిలుస్తుందని అతనిచ్చే హామీ అది, మా వైపు ఆచారం.

పని ముగిసీ ముగియకముందే ఎగువన మబ్బు కమ్ముకుంది. వరదొస్తే కలప పోతుంది, ఆ యుద్ధపు రోజుల్లో మళ్ళీ దొరకదు. వెంటనే కొయ్యకట్టు విప్పమన్నారు ఇంజనీరుగారు.

వడ్రంగి సుత్తి పట్టుకుని వచ్చాడు. "నా పక్కన ఎవరు నిలబడతారు?"

మేస్త్రీలిద్దరూ కదల్లేదు.

"నీ సగం కింద నువ్వు నిలబడవయ్యా," అన్నారు ఇంజనీరుగారు కుడి గట్టు మేస్త్రితో.

"నా సగం పడదు బాబూ. ఆయన సగం పడితే నాది మాత్రం ఆగుద్దా?"

రెండో మేస్త్రీ అదే మాట అన్నాడు.

"ఏందిరా ఆచారీ, పెళ్ళానికి చెప్పి రాలేదా?" అని గుంపులో ఎవడో వడ్రంగిని ఎగతాళి చేశాడు. ఎవరూ నవ్వలేదు. అతని భార్య అన్నం మూట పట్టుకుని గట్టు మీదే ఉంది.

"వెళ్ళకపోతే రేపటినుంచి పని లేదు," అన్నారు ఇంజనీరుగారు.

వడ్రంగి లోపలికి వెళ్ళాడు. ఒక దెబ్బ వేశాడు. పైనుంచి మెత్తని సున్నపు ముద్ద ఊడి అతని భుజం మీద పడింది. అతను తల తిప్పి చూశాడు. మేస్త్రీలిద్దరూ అప్పటికే వెనక్కి జరిగి ఉన్నారు.

అతను బయటికి వచ్చేశాడు. "పని మీది బాబూ, పానం నాది," అని భార్య చేతిలో మూట అందుకున్నాడు.

ఇంకో వడ్రంగిని పిలిపించేలోపే వాన దిగింది. తెల్లారి వెళ్ళేసరికి కొయ్యకట్టును వరద ఎత్తుకుపోయింది. కమాను రాళ్ళన్నీ వాగులో కుప్పగా పడి ఉన్నాయి. కూలినప్పుడు కింద ఎవరూ లేరు.

చూడటానికి వడ్రంగీ వచ్చాడు. ఇంజనీరుగారు అతని దగ్గరికి వెళ్ళి, "రేపటినుంచి పనిలోకి రా," అన్నారు.

"ఈసారి కమాను ఎవరిదో ముందు చెప్పండి బాబూ. అప్పుడొస్తా."

ఇంజనీరుగారు మేస్త్రీల వైపు చూశారు. ఇద్దరూ ఒకరికొకరు దూరంగా నిలబడి, ఇంకా తగ్గని నీళ్ళకేసి చూస్తున్నారు.