స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగిన పసుపు కారు

బీచుపల్లి దగ్గర హైవే పక్కన నాకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఓ ఆదివారం ఉదయం ఒక పసుపు సూపర్ కారు మా షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్ దాటలేక ఆగిపోయింది. దానికీ నేలకూ మధ్య జానెడు జాగా కూడా లేదు. నడుపుతున్నామె దిగి, "కింద తగుల్తదని భయమైతుందన్నా," అంది.

నేను చెక్కలు తెచ్చి స్పీడ్ బ్రేకర్‌కు అటూ ఇటూ వాలుగా వేశాను. చిన్న గీత కూడా పడకుండా కారు దాటింది.

"ఇంజన్ ఏడుందమ్మా?" అని అడిగాను.

వెనక అద్దం కింద చూపించింది. నేను వంగి, అద్దానికి ముఖం ఆనించి చూశాను.

"జర రేజ్ చెయ్యమ్మా, సౌండ్ వింట."

"వినుడేందన్నా, ఎక్కు!" అంది నవ్వుతూ.

కృష్ణ వంతెన దాకా పోయి వచ్చాం. ఆ సంగతి మా ఆవిడకు చెప్తూ చెప్తూ మధ్యాహ్నం అన్నం తినడమే మరిచాను.