నాన్న చూసిన శాంతి స్థాపన

ఆ వారమంతా దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలోని మా క్వార్టర్లో ఒకటే గోల. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో డిబేట్ పోటీ. అల్లకల్లోలంగా ఉన్న దేశానికి పరాయి సైన్యం వెళితే పరిస్థితి కుదుటపడుతుందా అన్నది విషయం. కుదుటపడుతుందని వాదించే పక్షం దానికి పడింది.

చూసినవాడు ఇంట్లోనే ఉన్నాడు కదా అని నేను సంబరపడ్డాను. మా నాన్న హవల్దారుగా రిటైరయ్యాడు. వయసులో ఉండగా, మన దేశం శ్రీలంకకు పంపిన శాంతి సేనలో పనిచేశాడు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు.

"తాతయ్యా, వహాఁ శాంతి ఆయీ థీ క్యా?" అని, అక్కడ శాంతి వచ్చిందా అని తనకు అలవాటైన హిందీలోనే అడిగింది మా అమ్మాయి.

"వచ్చింది," అన్నాడు నాన్న. అది రాసుకుంటుండగానే, "నిలవలేదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నాన్నా, దానికి మూడు పాయింట్లు చాలు. అవునో కాదో చెప్పు."

"ఏటి చెప్పమంటావే? మేం దిగిన కొత్తలో జనం ఎదురొచ్చి దండలేశారు. మూతపడిన బడి తెరిపించాం. నేను గేటు కాడ కాపలా ఉంటే పిల్లలు నవ్వుకుంటూ లోపలికెళ్ళేవోరు. తర్వాత అక్కడి తిరుగుబాటోళ్ళతో మాకే పోరాటం మొదలైంది. ఇళ్ళు సోదా చెయ్యాల్సొచ్చింది. ఆ పిల్లలే నన్ను చూసి తల్లుల వెనక దాక్కున్నారు. రెండూ చూశాను. ఒకటే చెప్పమంటే ఎలా?"

పోటీ రోజు మా అమ్మాయి బడి తెరిపించిన సంగతి చక్కగా చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. పిల్లలు దాక్కున్న సంగతీ చెప్పేసింది. నీ పక్షమేదో నువ్వే మర్చిపోయావంటూ జడ్జి మార్కులు కోశాడు. గుప్పిట బిగించి, కంఠస్థం చేసినదాన్ని అప్పజెప్పిన పిల్లకు కప్పు దక్కింది.

ఇంటికి వస్తూ ఆటోలో విసుక్కున్నాను. "రెండోది నిన్నెవరు చెప్పమన్నారు?"

"మమ్మా, తాతయ్య నే తో దోనో బోలా థా," అంది తాపీగా, తాతయ్య రెండూ చెప్పాడు కదా అన్నట్టు. పోటీ చూడ్డానికి మాతో వచ్చిన నాన్న, కిటికీ లేని ఆ ఆటోలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం టీవీలో నలుగురు కోట్లు తొడుక్కుని, ఎవరి సైన్యం ఎక్కడ దిగితే ఎన్నాళ్ళలో శాంతి వస్తుందో అరుచుకుంటున్నారు. వాళ్ళకు మాత్రం ఏ అనుమానమూ లేదు. విసురుగా వెళ్ళి ఆపేశాను.

"చూస్తున్నానే, ఎందుకాపావు?" అన్నాడు నాన్న.

వీళ్ళతో వేగలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.