లెస్ అంటే తక్కువ కాదు

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయిది సిరిసిల్ల. నాది కోరుట్ల. ఇద్దరం ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు మేడం పదాల చివర చేరే ముక్కల గురించి చెప్పడం మొదలుపెట్టాక మాకు అదో ఆటయింది. హాస్టల్ పప్పుకు 'ఉప్పులెస్' అని పేరు పెట్టింది ఆమే. వార్డెన్ ముందే అనేసింది కూడా.

ఒకరోజు పాఠంలో 'మదర్‌లెస్' వచ్చింది. అర్థం చెప్పమని మేడం ఆమెనే లేపారు.

"అమ్మ తక్కువున్నది మేడం."

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు.

"తక్కువ అనే లెస్ వేరు, ఈ లెస్ వేరు. పాత ఇంగ్లీషులో 'లేకుండా' అనే అర్థమున్న ఇంకో మాట నుంచి వచ్చింది ఇది. మదర్‌లెస్ అంటే తల్లి లేని."

ఆమె కూర్చోలేదు.

"నేను ఏడో తరగతిల ఉన్నప్పుడే మా అమ్మ సచ్చిపోయింది మేడం. గని మొత్తం లేకుండ పోలే. మా నాయిన ఇప్పటికీ అమ్మ లెక్కనే చారు వెడ్తడు. మా చెల్లె నవ్వితె అచ్చం అమ్మనే. గందుకే తక్కువన్న."

మేడం చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. తర్వాత మెల్లగా, "కూసో బిడ్డా. పరీక్షల మాత్రం 'లేని' అనే రాయి," అన్నారు.

"రాస్త మేడం."

ఆ ప్రశ్న పరీక్షలో రానే లేదు.

ఆ పాఠం జరిగిన వారమే, శనివారం ఆమె నన్ను సిరిసిల్లలో వాళ్లింటికి తీసుకుపోయింది. వాళ్ల నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసి వచ్చి, గొంతు పెంచి మాట్లాడాడు. మగ్గాల చప్పుడులో అది అలవాటట. మా ఇద్దరికీ ఆయనే వడ్డించాడు.

"కాలేజీల ఏం నేర్పుతున్నరు బిడ్డ?"

"మాటలకు తోకలు వెట్టుడు నాయినా," అందామె.

ఆయన పడీపడీ నవ్వాడు. ఆ చారు నేను మూడోసారి పోయించుకున్నాను.

ఇప్పుడామె వేములవాడ దగ్గర ఒక బడిలో ఇంగ్లీషు చెబుతుంది. మొన్న ఫోన్ చేసింది.

"ఏమే, చైల్డ్‌హుడ్‌ల హుడ్ ఏడికెల్లి వచ్చిందని ఒక పిల్ల అడిగింది. రేపు చెప్త అని తప్పించుకున్న."

వెతికి చెప్పాను. ఒకప్పుడది విడి మాటేనట. మనిషి అని, మనిషి ఉండే స్థితి అని అర్థమట.

"మంచిగున్నది. రేపు గిట్లనే చెప్త," అంది. ఫోన్ పెట్టేసే ముందు, "నాయిన నిన్ను యాది చేస్తుండు. ఒకపాలి రారాదు?" అంది.

ఆదివారం సిరిసిల్ల బస్సెక్కుతున్నాను.