బంధుత్వం: తల్లి

మా టీచరుగారు పోయారన్న కబురు పోయిన గురువారం బ్యాంకులో ఉండగా తెలిసింది. ఆవిడతో పనిచేసిన టీచరొకావిడ కొత్తపేటనుంచి బస్సెక్కి వచ్చి చెప్పారు. "రెండ్రోజులనించీ జ్వరమండి. పొద్దున్న కాఫీ ఇద్దామని లేపితే పలకలేదండి" అన్నారు. నేను సమాధుల దొడ్డికి చేరేసరికి మట్టి కప్పేస్తున్నారు. పట్టుమని పదిహేనుమంది లేరు.

నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. పలకమీద తప్పు రాసి గబగబా తుడిచేస్తుంటే చెయ్యి పట్టుకునేవారు. "తుడవకు నాన్నా. పక్కన సరైంది రాయి. రెండూ కనబడాలి" అనేవారు. నేను అమలాపురంలో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాక నన్ను "మీరు" అనడం మొదలుపెట్టారు. నాకు సిగ్గేసేది. "ఆ మర్యాద మీక్కాదండి, మీ కుర్చీకి" అని నవ్వేవారు. బ్యాంకు నల్లబోర్డు మీద అక్షరదోషం కనబడితే మాత్రం సుద్దముక్క అడిగి దిద్దితేగాని కదిలేవారు కాదు.

డెబ్భయ్యో దశకం చివర ఒక వేసవిలో ఇంగ్లండునుంచి వచ్చిన నీలంరంగు ఉత్తరం పట్టుకుని బ్యాంకుకి వచ్చారు. రాసింది ఆవిణ్ణి పెంచిన దొరసానిగారు. టీచరుగారి అమ్మానాన్నలు పొలం కూలీలు. ఆవిడకి మూడేళ్ళప్పుడు ఇద్దరూ కలరాతో పోతే, మిషను బోర్డింగు నడిపే దొరసానిగారే తెచ్చుకుని పెంచి, చదివించారు. పెద్దతనంలో సొంత దేశం వెళ్ళిపోయి, ఒంటరిగా ఒక్క గదిలో ఉంటున్నారు. "చలికాలం సాయంత్రాలు గది వెచ్చబడ్డానికి ఒక గంట మాత్రం పొయ్యిలో బొగ్గు వేసుకున్నాను. అంతకుమించితే నెలాఖరుకి చాలదు" అని ఉత్తరం చివర ఒక్క మాట ఉంది.

ఆ మాట మీద వేలుపెట్టి, "నెలకి వంద రూపాయలు పంపుదామనుకుంటున్నానండి" అన్నారు టీచరుగారు.

మేనేజరుగారు నవ్వేశారు. "కువైట్‌నించి డబ్బు ఇక్కడికి రావడం చూస్తున్నాంగానీ, ఇక్కణ్ణించి ఇంగ్లండు పంపడమేంటండీ! దేశానికే విదేశీ డబ్బు కరువు. రూపాయి బయటికెళ్ళాలన్నా పైనించి అనుమతి రావాలండి."

"అడిగి చూద్దామండి. అడగడం తప్పు కాదు కదండీ."

దరఖాస్తులో 'పుచ్చుకునేవారితో బంధుత్వం' అన్నచోట ఆవిడ 'తల్లి' అని రాశారు.

నాలుగు నెలలకి అది తిరిగొచ్చింది. పేర్లు కలవడం లేదు, బంధుత్వానికి రుజువు పంపమన్నారు. నాకు జాలేసి ఒక దారి చెప్పాను. "మా వీధిలో ఒకాయన తమ్ముడు కువైట్‌లో ఉన్నాడండి. మీరిక్కడ రూపాయలిస్తే అతనక్కణ్ణించి పంపేస్తాడు. ఎవరికీ తెలీదు."

"ఎలా పంపేవమ్మా అని దొరసానిగారు అడిగితే ఏం రాయమంటారండి?" అన్నారు టీచరుగారు.

రుజువు కోసం దొరసానిగారికే ఉత్తరం రాశారు. ఆ ఒక్క ఉత్తరం రాయడానికి రెండు నెలలు పట్టింది. "కూతుర్నని కాగితం రాసిమ్మని అడగాల్సొచ్చిందండి" అన్నారు తలొంచుకుని. జవాబు రెండు వాక్యాలు. "ఈమెకి మూడేళ్ళప్పటినుంచి నేనే అన్నం పెట్టాను. ఇంతకు మించిన రుజువు నా దగ్గర లేదు."

దాన్ని జతచేసి మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఇక్కడొక మాట చెప్పాలి. ఆ కాగితాలు మేనేజరుగారి సంతకం కోసం మూడు వారాలు నా బల్లమీదే ఉండిపోయాయి. పని ఒత్తిడిలో నేను గుర్తుచేయలేదు. ఆ సంగతి టీచరుగారికి ఏనాడూ చెప్పలేకపోయాను.

మరుసటి చలికాలం మొదలయ్యాక అనుమతి వచ్చింది. ఒక్కసారికే, మూడు వందల రూపాయలకి మాత్రమే. డ్రాఫ్టు నేనే రాశాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుని, "దోషాల్లేవండి" అన్నారు.

మార్చిలో జవాబొచ్చింది, దొరసానిగారి పొరుగావిడ చేతిరాతతో. డబ్బు అందిందనీ, దాంతో బొగ్గు కొనుక్కుని పొద్దుటిపూట కూడా వేసుకున్నారనీ, ఫిబ్రవరి చివర నిద్రలో పోయారనీ రాసింది. టీచరుగారు ఆ రోజు బడి మానలేదు. పాఠం చెప్పి, సాయంత్రం బ్యాంకు మూసేవేళకి వచ్చి ఉత్తరం నా చేతికిచ్చారు.

బస్టాండు దాకా వెంట వెళ్ళాను. సిమెంటు బల్లమీద కూర్చున్నాం.

"మూడొందలు పెడితే అక్కడ ఎన్నాళ్ళొస్తుందండి బొగ్గు?" అని అడిగారు.

"తెలీదండి టీచరుగారూ."

"ఆయ్" అన్నారు మెల్లగా.

కొత్తపేట బస్సు వచ్చింది. కండక్టరు ఊరి పేరు అరిచి, మావైపు చూసి, గంట కొట్టాడు. ఆవిడ లేవలేదు. ఇంకో బస్సు వచ్చి, నిండి, వెళ్ళిపోయింది. ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని, బస్సులు వెళ్ళే రోడ్డువైపు కాకుండా, ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.