బెల్లం ముక్కలో మాత్ర

మా అత్తకి మధ్యాహ్నం నిద్ర పట్టదు. భోజనం అయ్యాక వరండాలో కాళ్లు చాపుకుని, కుక్క తల ఒళ్లో పెట్టుకుని పిడుదులు తీసేది. తీసి ఊరుకునేది కాదు. పేలు కుక్కినట్టు రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి చిదిమేది. ఆ చప్పుడుకి నా ఒళ్లు జలదరించేది. పట్టకారు తెచ్చిస్తే, దీనికి కూడా నీ సైన్సా అని నవ్వేది. కోడలు చదువుకున్నదైతే ఇంట్లో ఎగతాళికి కొదవుండదు.

ఆ వేసవిలో కుక్క తిండి మానేసింది. ముక్కులోంచి రక్తం కారింది. మా ఆయన బెల్లం మార్కెట్లో వేలం పాట వదిలేసి మరీ వచ్చి, దాన్ని ఆటోలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ చెవి అంచునుంచి చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పరిచి చూసి, పిడుదుల వల్ల వచ్చిన జ్వరమని తేల్చేసింది. నెల్లాళ్లు మానకుండా వేయమని ఆవిడ రాసిచ్చిన మాత్రలు మా ఆయనే కొనుక్కొచ్చాడు. బెల్లం వ్యాపారస్తుల కుక్క కదా, బెల్లం ముక్కలో పెడితే తప్ప మింగదు. రోజూ పొద్దున్నే ఆ పని నాది.

కుక్క తేరుకుంటూండగా అత్తకి జ్వరం వచ్చింది. తలనొప్పికి ఓర్చుకోలేక గోడకి తల ఆనించి కూర్చునేది. క్లినిక్కులో టైఫాయిడ్ అని సూదులు మొదలుపెట్టారు. తగ్గలేదు. ఇంతలో ఒంటి మీద ఎర్రటి మచ్చలు తేలాయి. ఎలమంచిలి నుంచి చూడ్డానికొచ్చిన ఆడపడుచు చేతులు జోడించింది, అమ్మవారు పోసిందని. ఇక సూది లేదు, మాత్ర లేదు, ఇంట్లో తాలింపు లేదు. వేపాకులు పరిచిన మంచం మీద పడుకోబెట్టి ఒళ్లంతా పసుపు రాశారు. ఈ వయసులో అమ్మవారేమిటి అన్నాను. మా ఆయన ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

“అమ్మోరు ఒంటి మీదుండగా సూది పొడిపిత్తే మాయమ్మ నాకు దక్కదు” అని అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన కళ్లలో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను.

కుక్కని మళ్లీ చూపించడానికి నేనే వెళ్లాను. పిడుదులు ఎవరు తీస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. మా అత్త గోళ్లతో చిదిమేదని, ఇప్పుడు అమ్మవారు పోసి మంచాన ఉందని చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపేసింది.

“మచ్చలు అరచేతుల్లో కూడా ఉన్నాయా?”

నాకు తెలీదు. పసుపు కింద ఎవరు చూశారు? మనుషులకీ పిడుదుల వల్ల అరచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలు తేలే జ్వరం వస్తుందట. కుక్కదీ మనిషిదీ ఒకే జబ్బు కాకపోవచ్చు గాని మోసుకొచ్చే పిడుదు ఒకటేనట. చిదిమినప్పుడు దాని ఒంట్లోని క్రిమి వేళ్ల మీది చిన్న గీతలోంచి కూడా లోపలికి పోతుందట. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది.

ఇంటికొచ్చి తడిగుడ్డతో అత్త అరచేయి తుడిచాను. పసుపు పోయింది, మచ్చలు పోలేదు. అరికాళ్లు తుడిచాను. అక్కడా ఉన్నాయి. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు, పిన్నీ అని పిలిచింది. డాక్టరమ్మ చెప్పిందంతా మా ఆయనకి చెప్పాను. ఆయన ఆ అరచేతినే చూస్తూ విన్నాడు. తర్వాత వాళ్లమ్మని ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరు నా మాట విని, పరీక్షకి రక్తం విశాఖ పంపుతూనే, జవాబు కోసం ఆగకుండా మాత్రలు రాసిచ్చాడు. మందుల షాపులో మాత్రల అట్ట చేతికొచ్చాక పేరు చదివాను. డాక్సీసైక్లిన్. నమ్మలేక మళ్లీ చదివాను. మా వంటింట్లో బెల్లం డబ్బా పక్కనున్న అట్ట మీదా అదే పేరు. అత్త వేపాకుల మీద కాగిపోతూంటే, గోడకి ఇవతల నేను ప్రతి పొద్దునా ఆ మందే కుక్క నోట్లో పెట్టాను. అట్ట పట్టుకుని ఆసుపత్రిలోకి పరుగెత్తాను.

అంత మొండి జ్వరమూ ఆ మాత్రకి దిగింది. తెలివొచ్చాక అత్తకి అన్నీ చెప్పాను, మందు పేరుతో సహా. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తన గోళ్ల వంక చూసుకుని, నా చేయి పట్టుకుంది.

“ఆ మాత్ర ఇంట్లోనే ఉందని నీ మొగుడికి సెప్పకే. సూది మానిపించింది ఆడే. తట్టుకోలేడు.”

చెప్పనని మాటిచ్చాను.

మర్నాడు మాత్రలు అయిపోతే, షాపులో చూపించి తెమ్మని ఖాళీ అట్ట మా ఆయన చేతికిచ్చాను. ఎంతకీ రాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లి చూస్తే వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కుక్క బెల్లం కోసం తోకాడిస్తోంది. ఆయన ఒక చేతిలో వాళ్లమ్మ అట్ట ఉంది, ఇంకో చేతిలో కుక్కది.